కుసుమ పువ్వు ఎరుపు

"అమ్మా, రేపు స్కూలుకి ఆ ఎర్ర లిప్‌స్టిక్ వేసుకుని రావద్దు, ప్లీజ్."

పోయిన జూన్‌లో ఒక రాత్రి నేను గిన్నెలు తోముతుంటే వెనక నిలబడి మా అమ్మాయి అన్న మాట ఇది. దానికి పదకొండేళ్లు. జపాన్ స్కూళ్లలో తల్లిదండ్రులు వెళ్లి, తరగతి గది వెనక నిలబడి, పిల్లలు పాఠం ఎలా వింటున్నారో చూసే రోజు ఒకటుంటుంది. మర్నాడు ఆ రోజు. "ఏమే, బాగోదా?" అన్నాను. "బాగోకపోవడం కాదు. ఎవరూ అలా రారు. అందరూ నిన్నే చూస్తారు" అంది.

నిజమే, ఎవరూ అలా రారు. తల్లులంతా నీలం, బూడిదరంగు బట్టల్లో, పెదవులకు ఏదైనా రాశారో లేదో తెలియనట్టుగా వస్తారు. మర్నాడు నేనూ ఉత్త పెదవులతోనే వెళ్లాను. పిల్ల వెనక్కి తిరిగి చూసి నవ్వింది. నాకే ఎందుకో మనసంతా ముల్లు గుచ్చుకున్నట్టుంది.

ఆ లిప్‌స్టిక్ సంగతి చెప్పాలి. మేముండేది టోక్యోలో నిషి కసాయిలో. 2000 సంవత్సరం నాటికి కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని వై2కె భయం పట్టుకున్నప్పుడు మన ఇంజనీర్లు చాలామంది వచ్చి స్థిరపడ్డ పేట ఇది. ఇప్పుడు కందిపప్పు, చింతపండు అన్నీ దొరుకుతాయి. దొరకనిదల్లా నా రంగుకు సరిపోయే ఫౌండేషన్! వచ్చిన కొత్తలో ఒక పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్‌కి వెళ్లాను. కౌంటర్ దగ్గరి అమ్మాయి ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, వాళ్ల దగ్గరున్న వాటిలో అన్నిటికంటే ముదురుది నా దవడ మీద రాసింది. అద్దంలో చూస్తే బియ్యప్పిండి పూసినట్టుంది. పాపం ఆ పిల్ల నడుం వంచి రెండుసార్లు క్షమాపణ చెప్పింది. ఉత్త చేతులతో లేచి రావడానికి మొహమాటమేసి, పక్కనే ఉన్న ముదురెరుపు లిప్‌స్టిక్ చూపించాను. "ఇది కాస్త గాఢంగా ఉంటుంది, పర్వాలేదా?" అని అడిగింది.

ఆ మాట నాకు కొత్త కాదు. మాది తాండూరు వైపు. చిన్నప్పుడు జాతరలో గాజులు కొన్నా, పండక్కి లంగా ఓణీ తీసినా, ఎరుపు మా అక్కకే. "నువ్వు చామనఛాయవి, నీకు ఎరుపు కొట్టొచ్చినట్టుంటుంది, లేతది తీసుకో" అనేది మా అమ్మ. ప్రేమతోనే అనేది. పెళ్లయ్యేదాకా లేత గులాబీ, లేత నీలం తప్ప కట్టలేదు. అందుకే ఆరోజు ఆ అమ్మాయితో "పర్వాలేదు, ఇవ్వండి" అన్నాను. ముప్పై నాలుగేళ్లకు నా డబ్బుతో నేను కొనుక్కున్న మొదటి ఎరుపు అది.

పిల్ల మాట మనసులో నలుగుతుంటే పక్కింటి ఆవిడతో అన్నాను. డెబ్బై దాటిన మనిషి, నాకు ఇక్కడ అత్తగారిలాంటిది. ఆవిడ పకపకా నవ్వి, "మా అమ్మమ్మ వాళ్ల అమ్మకు నల్లటి పళ్లుండేవి, తెలుసా? ఒకసారి బెని మ్యూజియంకి వెళ్లు" అంది. మినామి అయోయామాలో ఉంది అది. 1825లో ఎడోలో, అంటే ఇప్పటి టోక్యోలో, ఎర్రరంగు తయారీతో మొదలైన ఇసెహాన్ అనే కంపెనీవాళ్లది. ఒక శనివారం పిల్లను వెంటబెట్టుకుని వెళ్లాను. అక్కడ చూసినవీ, ఆ తర్వాత చదివినవీ కలిపి చెబుతున్నాను.

ఎడో కాలపు ఆడవాళ్ల అలంకారం మూడే రంగులు: తెలుపు, ఎరుపు, నలుపు. మొహానికీ మెడకూ తెల్లపొడి, పెదవులకు ఎరుపు, పళ్లకు నలుపు. సరిగ్గానే చదివారు, పళ్లకే! దాన్ని ఒహగురో అంటారు. ఇనుప ముక్కల్ని వెనిగర్ లాంటి పుల్లటి ద్రవంలో నానబెట్టి, ఆ కంపు కొట్టే నీళ్లనూ, చెట్లకు కాసే మాచికాయల్లాంటి వాటి పొడినీ కలిపి పళ్లకు రాసుకునేవారు. పెళ్లయిన ఆడదానికి అది మన నల్లపూసల్లాంటి గుర్తు. పళ్లు పుచ్చిపోకుండా కాపాడేది కూడా. బిడ్డ పుట్టాక కనుబొమలు గొరిగించుకునేవారు. అంటే ఆ రోజుల్లో గృహిణి మొహమంటే తెల్లటి చర్మం, ఎర్రటి పెదవులు, నల్లటి పళ్లు, బోడి కనుబొమలు. అదే అణకువ! ఇవేవీ లేకుండా వచ్చిన పెళ్లయిన ఆడదాన్నే జనం వింతగా చూసేవారు.

ఇక ఎరుపు దగ్గరికి వస్తే నాకు ఒళ్లు ఝల్లుమంది. ఆ రంగు తీసే పువ్వు బొమ్మ చూసి అక్కడే నిలబడిపోయాను. ముళ్ల ఆకులు, పసుపు నారింజ కలిసిన పువ్వు. అది మా కుసుమ! మా వైపు యాసంగిలో నల్లరేగడి చేలల్లో జొన్న వేస్తే, పశువులు దూరకుండా గట్ల వెంట కుసుమ వేసేవాళ్లు. ముళ్లకు భయపడి ఎడ్లు మొహం తిప్పుకునేవి. మనకు కుసుమ అంటే నూనె గింజ, అంతే. పశ్చిమాసియా వైపు పుట్టిన ఆ మొక్క చైనా మీదుగా ఎప్పుడో జపాన్ చేరి, ఇక్కడ బెనిబానా అయింది. యమగత ప్రాంతంలో మొగామి నది పక్కన పండించి, పువ్వుల్ని ముద్దలు చేసి ఎండబెట్టి, పడవల్లో క్యోటోకి పంపేవారు.

ఆ పువ్వు రేకుల్లో ఉన్నది దాదాపు అంతా పసుపు రంగే. ఎరుపు నూటికి ఒక పాలు మాత్రమే. పసుపు నీళ్లలో కరిగిపోతుంది, ఎరుపు కరగదు. కాబట్టి కడిగి కడిగి పసుపును వదిలించి, బూడిద నీళ్లతో ఎరుపును లాగి, పుల్లటి రేగుపండు లాంటి ఉమె రసంతో దాన్ని పేరబెట్టేవారు. అలా తీసిన ముద్దను పింగాణీ గిన్నె లోపల పూసి ఆరబెడితే విచిత్రంగా ఎరుపు మాయమై, పచ్చపురుగు రెక్కలా ఆకుపచ్చగా మెరుస్తుంది. తడి కుంచె తగలగానే మళ్లీ ఎర్రబడుతుంది. ఎంత పిరమంటే, ఎత్తుకు ఎత్తు బంగారం అనేవారు.

1804 నుంచి 1830 మధ్య కాలంలో ఎడో ఆడవాళ్లకు ఒక పిచ్చి పట్టింది. ఆ ఎరుపును కింది పెదవికి పొర మీద పొర దట్టంగా పూస్తే ఆరాక ఆకుపచ్చగా మెరిసేది. వెదురాకు ఎరుపు అని దానికి పేరు. కెయిసాయి ఎయిసెన్ అనే చిత్రకారుడి బొమ్మల్లో ఆ ఆకుపచ్చ పెదవుల సుందరీమణులు ఇప్పటికీ కనబడతారు. అంత ఖర్చు పెట్టలేనివాళ్లు ముందు పెదవికి సిరా రాసి, దానిమీద కొంచెం రంగుతో అదే మెరుపు తెప్పించేవారు. డబ్బు లేకపోయినా సోకు చేసుకోవడంలో మన ఆడవాళ్ల తెలివి ఏ దేశంలోనైనా ఒకటే!

మరి ఈ ముదురు మొహాలు ఎలా మారాయి? విదేశీయులు వచ్చి నల్లపళ్లు చూసి బెదిరారు. 1870లో ప్రభుత్వం కులీన కుటుంబాలవారు పళ్లకు నలుపు వెయ్యరాదనీ, కనుబొమలు గొరగరాదనీ ఆజ్ఞ వేసింది. 1873లో మహారాణి తెల్లటి పళ్లతో కనబడ్డారు. నిన్నటి అణకువ ఇవాళ్టికి మోటుతనమైంది. మామూలు ఇళ్లలో మాత్రం ముసలమ్మలు మరో రెండు తరాలు వదల్లేదు. పక్కింటావిడ చెప్పింది అదే.

తెల్లపొడి కథ మాత్రం విషాదం. అందులో సీసం ఉండేది. 1887లో చక్రవర్తి ఎదుట నాటకం ఆడుతూ నకమురా ఫుకుసుకె అనే కబుకి నటుడికి కాళ్లు వణికాయి. రోజూ పూసుకున్న పొడిలోని సీసం విషమే కారణమని తర్వాత తేలింది. 1900లో అలాంటి రంగుల మీద చట్టం వచ్చినా, మొహం పొడికి మినహాయింపు ఇచ్చారు. పూర్తిగా ఆపడానికి 1930లు రావలసి వచ్చింది. తెలిసి తెలిసి అన్నేళ్లు ఎందుకు పూసుకున్నారు? తెలుపు ఏడు లోపాలను కప్పుతుందని ఇక్కడ సామెత. మందుల షాపుల్లో తెల్లబరిచే క్రీముల వరస ఇప్పటికీ ఉంది. మన ఊళ్లో మాత్రం లేదా? పోయిన వేసవిలో మా అమ్మాయి ఆ వరస ముందు చాలాసేపు నిలబడటం చూశాను. నేను ఏమీ అనలేదు. అనాల్సింది.

యుద్ధకాలంలో 1940లో విలాసమే శత్రువన్నారు, ఎరుపు రాసుకుంటే దేశద్రోహంలా చూశారు. 1990ల చివర షిబుయాలో చదువుకునే ఆడపిల్లలు మొహాలు ముదురు గోధుమరంగుకు కాల్చుకుని, కళ్ల చుట్టూ, పెదవులకు తెలుపు పూసి తిరిగారు. గంగురో అన్నారు వాళ్లను. పెద్దలు ముక్కు మీద వేలేసుకున్నారు. తెల్లదనం కోసం సీసం పూసుకున్న దేశంలోనే, మనవరాళ్లు డబ్బిచ్చి మరీ నా రంగు కొనుక్కున్నారు!

ఇంటికొచ్చే దారిలో రైల్లో పిల్లతో అన్నాను: "ఏది మర్యాద, ఏది అతి అన్నది మొహం చెప్పదే. ఆ కాలం చెబుతుంది. కాలం మారుతూనే ఉంటుంది, మన మొహం మనతోనే ఉంటుంది." అది కిటికీలోంచి చూస్తూ "ఊఁ" అంది. పదకొండేళ్ల పిల్ల ఊఁ కొట్టిందంటే గొప్పే.

నా పుట్టినరోజుకు మా ఆయన ఆ ఎరుపు గిన్నె ఒకటి కొనిచ్చారు. ధర చూసి నేను గొణిగాను, ఆయన వినలేదు. తడి కుంచె తగిలించగానే ఆకుపచ్చ కాస్తా ఎర్రబడటం చూసి పిల్ల కేక వేసింది. ఆ రంగు పల్చన, కింద ఉన్న మనిషి రంగును దాచదు. దాని పెదవి మీద లేతగా, నా పెదవి మీద ముదురు దానిమ్మగింజలా వచ్చింది. "నీకే బాగుందమ్మా" అంది. తర్వాత నాకు తెలియకుండా తన కింది పెదవికి నాలుగు పొరలు పూసి, ఆకుపచ్చ మూతితో ఇల్లంతా తిరిగింది. వారం రోజుల రంగు ఒక్క పూటలో అయిపోయింది!

నవంబరులో మళ్లీ స్కూల్ రోజు వచ్చింది. ముందు రాత్రి నేనే అడిగాను, ఏం రాసుకోమంటావని. కాసేపు ఆలోచించి, "నీ ఇష్టం. ఆకుపచ్చది మాత్రం వద్దు" అంది.

ఎర్రది రాసుకునే వెళ్లాను. పిల్ల వెనక్కి తిరిగి చూసింది. పక్కనున్న స్నేహితురాలి చెవిలో ఏదో చెప్పింది. ఆ పిల్ల నా పెదవుల వంక కళ్లు పెద్దవి చేసి చూసింది. ఏం చెప్పావే అని ఇంటికొచ్చాక అడిగితే, "అది మా అమ్మమ్మ వాళ్ల పొలంలో పూసే పువ్వు అని చెప్పా" అంది.