యునైటెడ్ ప్యాషన్స్

యునైటెడ్ ప్యాషన్స్ 2014లో కాన్ చలనచిత్రోత్సవంలో తొలిసారి ప్రదర్శితమైన ఆంగ్ల చిత్రం. దర్శకుడు ఫ్రెడెరిక్ ఓబుర్తాఁ. 1904లో పారిస్‌లో అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా ఆవిర్భావం, 1930లో ఉరుగ్వేలో తొలి ఫుట్‌బాల్ ప్రపంచకప్, ఆ తర్వాతి దశాబ్దాలు ఇందులోని కథ. ఫిఫా అధ్యక్షులు జూల్స్ రిమేగా జెరార్ డిపార్డ్యూ, హవెలాంజ్‌గా శామ్ నీల్, సెప్ బ్లాటర్‌గా టిమ్ రాత్ నటించారు. నిర్మాణ వ్యయంలో సింహభాగం ఫిఫాయే భరించింది. అధ్యక్షులను ఆదర్శమూర్తులుగా నిలబెట్టిన ప్రచార చిత్రమని విమర్శకులు దుయ్యబట్టారు. 2015 మే 27న అవినీతి కేసులో ఫిఫా అధికారులు జ్యూరిక్‌లో అరెస్టయ్యారు. జూన్ 2న బ్లాటర్ పదవి వదులుకుంటానని ప్రకటించారు. ఆ వారంలోనే అమెరికాలో విడుదలైన ఈ చిత్రానికి తొలి వారాంతంలో పది థియేటర్లలో కలిపి వచ్చిన వసూళ్లు 918 డాలర్లు.