చట్రమూ, అసంపూర్ణ చిత్రమూ

గుణదల కొండ దిగువన నివసించే మా డ్రాయింగు మాస్టారిని మొన్నటి ముసురులో చూడబోయాను. ఒకే పాఠశాలలో చాలా ఏండ్లు కలిసి పనిచేసినవాళ్ళం. ఆయన ఒక తైలవర్ణ చిత్రాన్ని గోడకు ఆనించి, గుడ్డకూ వెనుకబద్దకూ నడుమ అట్టముక్క దోపి, చట్రం మూలల్లోని ముక్కోణపు చెక్కముక్కలను చిన్న కొయ్యసుత్తితో మెల్లమెల్లగా లోనికి తడుతున్నారు. "తేమకు గుడ్డ జారిందండీ పంతులుగారూ. ఇలాగే వదిలితే రంగు పెచ్చులూడుతుంది. మరీ బిగించినా బీటలువారుతుంది" అన్నారు.

ఆ చెక్కముక్కలకొక చరిత్ర ఉన్నది. తడిగాలికి గోడచిత్రాలు నిలువని వెనిస్ నగరంలో చిత్రకారులు 16వ శతాబ్దంలో ఓడల తెరచాపగుడ్డను విరివిగా ఆశ్రయించారు. నాటి చట్రాల మూలలు కదలకుండా బిగించినవి. అవసరాన్ని బట్టి గుడ్డను బిగించుకొనే ఈ ఏర్పాటు 18వ శతాబ్దం మధ్యనుండి గాని వాడుకలోనికి రాలేదు. మన బందరు కలంకారీకి ఈ బెడద లేదు, మడిచి పెట్టెలో దాచుకోవచ్చును. నూనెరంగు పూసిన గుడ్డను మడవరాదు. కనుక రవివర్మ కాలంనాటికి మనదేశంలో ఆ విద్యతోబాటు చట్రమూ, దాని సేవా స్థిరపడ్డాయి. విద్యను గూర్చి వ్రాసినవారు పలువురు, సేవను గూర్చి వ్రాసినవారు అరుదు.

మాస్టారి గదిలో గోడవైపు తిప్పిన చిత్రాలు పదకొండు. అన్నీ అసంపూర్ణాలే. ప్రతిదాని వెనుకా చట్రంపై పెన్సిలుతో తేదీ, కలిపిన రంగులు, మిగిలిన పని వ్రాసి ఉన్నాయి. నూనెరంగు నీటివలె ఆవిరై ఆరదట, గాలి పీల్చి గట్టిపడుతుందట. అందుచేత పైపూతలో నూనెపాలు అడుగుపూతకంటె తక్కువ కాకూడదు. ఏండ్ల తరువాత కుంచె పట్టేవానికి ఆ లెక్క తెలియవలె.

అందులో ఒకటి ఆయన తల్లిగారి చిత్రం. ముఖం పూర్తయింది, కుడిచేయి మాత్రం గీతలుగానే ఉన్నది. ఇప్పుడు మాస్టారికి చేతివణుకు. పిల్లలు మరొక చిత్రకారునిచేత పూర్తి చేయిస్తామంటున్నారు. నేనూ వారి పక్షమే వహించి, "నన్నయగారు విడిచిన అరణ్యపర్వ శేషాన్ని ఎర్రన పూరించలేదా? అదీ రాజరాజనరేంద్రునికే అంకితంగా, నన్నయగారే చెప్పినట్లుగా!" అన్నాను. పండితుణ్ణి గదా, ఉపమానం దొరికిందని లోలోపల సంతోషించాను కూడా.

మాస్టారు సుత్తి క్రిందబెట్టి, "ఎర్రన తన పద్యం నన్నయగారి పద్యం మీద వ్రాయలేదు గదండీ. కుంచె పట్టినవాడు మా అమ్మ చేతిగీతల మీదనే పూయాలి. తరువాత ఏది నాదో ఏది అతనిదో ఎవరు చెబుతారు?" అన్నారు. నావద్ద జవాబు లేకపోయింది.

దామెర్ల రామారావు గుర్తుకు వచ్చాడు. నన్నయగారి రాజమహేంద్రవరంలోనే 1897లో పుట్టి, కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, 1925 ఫిబ్రవరి 6న మశూచివల్ల, ఇరవై ఎనిమిదేండ్లు నిండకుండానే కన్నుమూసినవాడు. నీటిరంగులలోనూ తైలవర్ణాలలోనూ సిద్ధహస్తుడు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. మిత్రుడు వరదా వెంకటరత్నం సరేసరి. కుంచె పట్టడం తెలిసినవారు ఇంతమంది ఉండి, ఆయన చిత్రాలను పదిలపరచడమే తమ పనిగా పెట్టుకొన్నారు. వెంకటరత్నం తానొక మేటి చిత్రకారుడై ఉండి కూడ మిత్రుని పేరు నిలబెట్టడానికే పాటుపడ్డాడు. రాజమహేంద్రవరంలోని దామెర్ల చిత్రశాలలో మనం చూసే ప్రతి చిత్రం వెనుకా ఆ కాపుదల ఉన్నది. ఆంధ్ర చిత్రకళను గూర్చి మాట్లాడేటప్పుడు వెంకటరత్నానికి ఒక వాక్యంతో సరిపెట్టడం నాకు న్యాయమనిపించదు.

మాస్టారు పెన్సిలు నాచేతికిచ్చి, "మీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. వ్రాయండి" అన్నారు. తల్లిగారి చట్రం అడ్డబద్దమీద ఆయన చెప్పినట్లే వ్రాశాను: "కుడిచేయి మిగిలినది. ఎవరూ పూరించవద్దు. ఏటేటా వానలు తగ్గాక మూలలు చూడవలెను."

"చూడవలెను" క్రింద గీత గీయమన్నారు. గీశాను.