ఇరాన్ విప్లవ న్యాయస్థానాలు (1979)

1979 ఫిబ్రవరి 11న ఇరాన్‌లో షా ప్రభుత్వం కూలిపోయింది. ఫిబ్రవరి 15 రాత్రి టెహ్రాన్‌లోని రెఫా పాఠశాల మేడపై నలుగురు జనరళ్లను కాల్చిచంపారు. వారిలో రహస్య పోలీసు సంస్థ సావాక్ మాజీ అధిపతి నెమతొల్లా నస్సీరీ ఒకరు.

విప్లవ న్యాయస్థానాల్లో మతాచార్యుడు సాదెఖ్ ఖల్ఖాలీ ప్రముఖ న్యాయమూర్తి. నిందితులకు న్యాయవాది సహాయం గానీ, అప్పీలుకు అవకాశం గానీ ఉండేవి కావు. ‘భూమిపై భ్రష్టత్వాన్ని వ్యాపింపజేయడం’ ప్రధాన అభియోగం. దానికి నిర్దిష్ట నిర్వచనం లేనందున దాదాపు ఏ చర్యనైనా దాని పరిధిలోకి తేగలిగారు.

షా హయాంలో జైలు అనుభవించిన తాత్కాలిక ప్రధాని మెహదీ బజర్గాన్ ఈ పద్ధతిని బహిరంగంగా వ్యతిరేకించారు. మార్చి మధ్యలో విచారణలు నిలిచినా, ఏప్రిల్‌లో తిరిగి మొదలయ్యాయి. 1965 నుంచి 1977 వరకు ప్రధానిగా పనిచేసిన అమీర్ అబ్బాస్ హొవేదాను ఏప్రిల్ 7న చంపారు. ఆయనను తొలుత నిర్బంధించింది షా ప్రభుత్వమే. కాపలాదారులు పారిపోయినా ఆయన తప్పించుకోక, లొంగిపోయారు. పన్నెండేళ్ల పాలనపై ఆయన చెప్పగలిగిన సాక్ష్యం ఆయనతోనే అంతరించింది.

బజర్గాన్ నవంబరులో రాజీనామా చేశారు. విప్లవపు తొలి రోజుల్లో వెలసిన ఆ న్యాయస్థానాలు మాత్రం ఇరాన్ న్యాయవ్యవస్థలో శాశ్వత భాగమయ్యాయి.