వారాంతపు కెమెరా: దీన్‌దయాళ్ నుంచి తిరువూరు దాకా

శని, ఆదివారాలు కెమెరా మెళ్ళో వేసుకుని కొండలూ చెరువులూ తిరగడం సాఫ్ట్‌వేర్ వాళ్ళకి కొత్తగా పట్టిన పిచ్చి అని మా పెద్దవాళ్ళు అంటూ ఉంటారు. కాదండీ! ఈ పిచ్చి పట్టిన ఇంజనీరు నూటయాభై ఏళ్ళ క్రితమే ఒకాయన ఉన్నారు. లాలా దీన్‌దయాళ్.

ఆయన 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, 1866లో ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరారు. ఎస్టిమేట్లు వేయడం, డ్రాయింగులు గీయడం ఉద్యోగం. 1874లో సరదాకి ఫొటోలు మొదలెట్టారు. సరదా అంటే తేలికేం కాదు. అప్పట్లో గాజు పలకకి రసాయనం పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి, అక్కడే గుడారంలో కడగాలి. బయటికెళ్తే సగం ల్యాబ్ మోసుకెళ్ళాల్సిందే. అయినా 1882లో లెపెల్ గ్రిఫిన్ అనే అధికారితో మధ్య భారతమంతా తిరిగి కోటలూ గుళ్ళూ తీశారు. తర్వాత ఉద్యోగం వదిలేసి సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు.

ఆ నిజాం రాజ్యపు పొలిమేర మా తిరువూరుకి కొద్ది మైళ్ళే. ఇటు కృష్ణా జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ. ఇటువైపు సంగతేంటంటే, మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ లిన్నేయస్ ట్రైప్ 1858లో అమరావతి శిల్పాల్ని ఫొటోలు తీశాడు. అదీ అమరావతిలో కాదు, వాటిని మద్రాసు తరలించేశాక! రాళ్ళు ఫొటోకెక్కాయి గానీ, అవి నిలబడిన కృష్ణ ఒడ్డు ఎక్కలేదు.

నా బాధ అక్కడే. కోటలకీ రాజులకీ ఫొటోలున్నాయి. మామూలు ఊరి చెరువుకి ఎవరు తీశారు? పాత స్టూడియో ఫొటోలు గుర్తు తెచ్చుకోండి. తాతగారు కుర్చీలో, వెనక తెర మీద రంగులేసిన జలపాతం. అసలు వాగు ఊరి బయటే పారుతున్నా దానికి ఫొటో లేదు. 36 ఫొటోల రీలు కొని, కడిగించి, ప్రింట్లు వేయించాలంటే పెళ్ళిళ్ళకే సరిపోయేది మరి.

ఇప్పుడు ఆ ఖర్చు లేదు. కానీ మనం చేసేదేంటి? అందరం పాపికొండలకెళ్ళి అదే మలుపు, అదే పడవ. అదీ కావాల్సిందే, పోలవరం పూర్తిగా నిండితే ఆ గోదావరి ఇలా ఉండదు. కాకపోతే కట్టెలేరూ, తిరువూరు మామిడి తోటలూ కూడా ఎప్పటికీ ఇలాగే ఉంటాయన్న గ్యారంటీ ఎవరిచ్చారు? రేపు తోట పోయి ప్లాట్లు పడితే, అక్కడ తోట ఉండేదని చెప్పడానికి మన ఫొటోనే సాక్ష్యం.

సాక్ష్యం కావాలంటే ఎక్కడ, ఎప్పుడు అన్నది ఉండాలి. దీన్‌దయాళ్ నెగటివ్‌ల మీదే నంబర్లు వేసేవారు. 1905లో ఆయన పోయినా, సుమారు 2,850 గాజు పలకలు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. మన కెమెరా తేదీని తనే రాసుకుంటుంది. లొకేషన్ ఆన్ చేస్తే ఫోను చోటు కూడా రాస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపామా, ఆ వివరాలు ఎగిరిపోతాయి, సైజూ తగ్గిపోతుంది. అందుకని అసలు ఫైళ్ళు దాచండి, ఊరి పేరూ తేదీతో ఫోల్డరు పెట్టండి, రెండో కాపీ ఇంకోచోట ఉంచండి.

ఈసారి ఊరెళ్ళినప్పుడు సూర్యాస్తమయంతో పాటు చెరువు గట్టుని కూడా ఓసారి తీయండి. అందంగా రాకపోయినా ఫర్వాలేదు.