ఎబోలా వాహక టీకాలు: యాంటీబాడీ ప్రతిస్పందన

ఎబోలా వైరస్ పైపొరలోని గ్లైకోప్రొటీన్ జన్యువును వాహకంగా పనిచేసే మరో వైరస్‌లో చేర్చి తయారుచేసిన టీకా వేశాక, ఆ ప్రొటీన్‌ను గుర్తించే యాంటీబాడీలు రక్తంలో పుట్టి నిలవడాన్ని ఎబోలా వాహక టీకాల యాంటీబాడీ ప్రతిస్పందన అంటారు.

1976లో తొలిసారి గుర్తించిన ఎబోలా వ్యాధికి టీకా పరిశోధనలు 2014-16 పశ్చిమ ఆఫ్రికా విజృంభణతో వేగం పుంజుకున్నాయి. ఆ విజృంభణలో 11,000 మందికి పైగా మరణించారు. ప్రధాన వాహకాలు మూడు రకాలు: పశువులకు సోకే వెసిక్యులర్ స్టొమటైటిస్ వైరస్, అడినోవైరస్‌లు, బలహీనపరచిన వాక్సీనియా వైరస్. వీటిలో మొదటిది శరీరంలో వృద్ధి చెందగలదు కాబట్టి ఒక్క మోతాదు సరిపోతుంది. దానితో రూపొందిన ఎర్వెబో టీకాకు అమెరికా 2019 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. 2020లో ఐరోపా ఆమోదించిన జబ్‌డెనో, ఎంవాబియా టీకాలను 8 వారాల ఎడంతో ఒకదాని తర్వాత ఒకటి వేస్తారు.

వాహకంపై ముందే యాంటీబాడీలుంటే అవి టీకా ప్రభావాన్ని తగ్గించవచ్చు. మనుషుల్లో అరుదైన చింపాంజీ అడినోవైరస్‌ను ఎంచుకోవడానికి కారణం ఇదే.

లైబీరియాలో 1,500 మందిపై 2015లో మొదలైన ప్రివెయిల్ పరీక్షలో, నెల తర్వాత చింపాంజీ అడినోవైరస్ టీకా పొందినవారిలో 70.8 శాతం, వెసిక్యులర్ స్టొమటైటిస్ టీకా పొందినవారిలో 83.7 శాతం, ఉత్తుత్తి టీకా పొందినవారిలో 2.8 శాతం మందికి ప్రతిస్పందన కనిపించింది. ఏడాదికి మొదటి రెండు విలువలు వరుసగా 63.5, 79.5 శాతం. వీటిని రక్షణ శాతాలుగా చదవరాదు. ఎంత యాంటీబాడీ ఉంటే రక్షణ లభిస్తుందన్న కచ్చితమైన హద్దు ఖరారు కాలేదు.