పేరున్న స్కూల్లో సీటు వచ్చింది సరే... రోజు గడిచేదెలా? ఫీజు కట్టే ముందు చూసుకోవాల్సిన లెక్కలు

టెస్టు రాశాడు. ఇంటర్వ్యూ అయింది. సీటు వచ్చింది. ఇంట్లో మిఠాయి పంచుకున్నారు. పది రోజుల్లో అడ్మిషన్ ఫీజు కట్టమని స్కూలు నుంచి మెసేజ్ వచ్చింది. చాలా ఇళ్లలో ఆ పది రోజులూ డబ్బు ఎక్కడ సర్దాలన్న ఆలోచనతోనే గడిచిపోతాయి. పిల్లవాడు ఆ స్కూలుకు రోజూ ఎలా వెళ్తాడు, ఎప్పుడు తింటాడు, ఎన్ని గంటలకు పడుకుంటాడు అన్న లెక్క జూన్‌లో స్కూలు తెరిచాక గానీ మొదలు కాదు. అప్పటికే ఫీజు కట్టేసి ఉంటారు, పాత స్కూల్లో టీసీ కూడా తీసేసుకుని ఉంటారు.

స్కూలు పేరు, పదో తరగతి ఫలితాలు, గ్రౌండ్, ల్యాబ్ అన్నీ చూడాల్సినవే. కానీ పిల్లలు బతికేది స్కూలు పేరుతో కాదు, స్కూలు టైంటేబుల్‌తో. ఆరో తరగతిలో చేరితే ఐదేళ్లు అదే దారి, అదే బస్సు, అదే టిఫిన్ డబ్బా. అందుకే సీటు ఖాయం చేసుకునే ముందు రోజువారీ లెక్క ఒకటి కాగితం మీద వేసుకోవాలి.

టెస్టు పెట్టి చేర్చుకునే స్కూళ్లు

తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి స్కూళ్లు రకరకాలుగా ఉన్నాయి. 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం మొదలై, తర్వాత అందరికీ తలుపులు తెరిచిన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ లాంటి పాత సంస్థలు ఒక రకం. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ లాంటి రెసిడెన్షియల్ స్కూళ్లు మరో రకం. ఐఐటీ, నీట్ ఫౌండేషన్ పేరుతో ఆరో తరగతి నుంచే స్క్రీనింగ్ టెస్టు పెట్టే కార్పొరేట్ బ్రాంచీలు ఇంకో రకం.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోవాలి. 2009 విద్యాహక్కు చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి వరకూ అడ్మిషన్ కోసం పిల్లలను గానీ తల్లిదండ్రులను గానీ స్క్రీనింగ్ చేయకూడదు, క్యాపిటేషన్ ఫీజు తీసుకోకూడదు. స్క్రీనింగ్ చేస్తే మొదటిసారి 25,000 రూపాయల వరకూ, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 వరకూ జరిమానా ఉంటుంది. మైనారిటీ సంస్థలకు ఈ చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పింది. అయినా 'అసెస్‌మెంట్', 'ఇంటరాక్షన్' లాంటి పేర్లతో పరీక్షలు జరుగుతూనే ఉన్నాయి. కాబట్టి కట్టే ప్రతి రూపాయికీ రసీదు అడిగి తీసుకోవాలి.

మొదటి లెక్క: దారి

చాంద్రాయణగుట్టలో ఉండే కుటుంబం గచ్చిబౌలి వైపు స్కూల్లో సీటు సంపాదించిందనుకుందాం. ఆదివారం పొద్దున కారులో వెళ్లి చూస్తే దారి దగ్గరే అనిపిస్తుంది. స్కూలు బస్సు అలా వెళ్లదు. పదిహేను ఇరవై చోట్ల ఆగుతూ, మెహదీపట్నం, టోలీచౌకీ ట్రాఫిక్ దాటుకుంటూ వెళ్తుంది. పోవడానికి గంటన్నర, రావడానికి గంటన్నర వేసుకుంటే రోజుకు మూడు గంటలు.

విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు, 1,000 బోధన గంటలు ఉండాలి. రోజుకు మూడు గంటల చొప్పున 220 రోజులంటే 660 గంటలు బస్సులోనే పోతాయి. క్లాసులో కూర్చునే కనీస సమయంలో మూడింట రెండు వంతులు! ఐదేళ్లకు 3,300 గంటలు, అంటే 137 పూర్తి రోజులు. అదే రానూపోనూ కలిపి 40 నిమిషాల్లో అయిపోయే స్కూలైతే ఏడాదికి 147 గంటలు చాలు. మిగిలే 500 గంటల పైచిలుకులో పిల్లవాడు చదవగలడు, ఆడుకోగలడు, నిద్రపోగలడు. దూరపు స్కూలు చదువులో ఆ 500 గంటలకు సరిపడా ఎక్కువ ఏం ఇస్తుందన్నదే అసలు ప్రశ్న.

వానాకాలం సంగతి వేరే చూసుకోవాలి. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తి మూసీకి వరద వచ్చిన రోజుల్లో మూసారాంబాగ్, చాదర్‌ఘాట్ దగ్గర రాకపోకలు ఆపేస్తుంటారు. నది దాటాల్సిన పిల్లలు ఆ రోజుల్లో ఏ దారిన వస్తారు, ఆలస్యమైతే స్కూలు ఎవరికి ఫోన్ చేస్తుందన్నది ముందే అడగాలి.

బస్సు విషయంలో సుప్రీంకోర్టు 1997లోనే కొన్ని నియమాలు పెట్టింది. బస్సు ముందూ వెనకా 'స్కూల్ బస్' అని రాసి ఉండాలి. స్పీడ్ గవర్నర్, ఫస్ట్ ఎయిడ్ బాక్స్, మంటలార్పే సిలిండర్, తలుపులకు గట్టి లాక్ ఉండాలి. డ్రైవర్‌కు పెద్ద బండ్లు నడిపిన అనుభవం కనీసం ఐదేళ్లు ఉండాలి. పిల్లలను దింపుకోవడానికి ఒక మనిషి తోడుండాలి. ఆడపిల్లలున్న ఇళ్లలో ఇంకో మాట కూడా అడుగుతారు: బస్సు చివరి స్టాపులో మిగిలేది తమ అమ్మాయి ఒక్కతేనా? రూట్ షీట్ తీసుకుని స్టాపుల వరుస చూస్తే జవాబు దొరుకుతుంది.

రెండో లెక్క: సాయంత్రం మూడు గంటలు

6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని, 13 నుంచి 18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటలు కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ సూచిస్తుంది. పొద్దున 6:40కి బస్సు ఉంటే పిల్లవాడు 5:30కి లేవాలి. పన్నెండేళ్లవాడికి తొమ్మిది గంటల నిద్ర దక్కాలంటే రాత్రి 8:30కల్లా పడుకోవాలి. బస్సు దిగేసరికి సాయంత్రం 5:30. అంటే వాడి చేతిలో మిగిలింది సరిగ్గా మూడు గంటలు.

ఆ మూడు గంటల్లో ఏమేం పట్టాలి? కాళ్లూ చేతులూ కడుక్కుని ఏదో తినాలి. డిసెంబర్‌లో హైదరాబాద్‌లో 5:40 దాటగానే పొద్దుగూకుతుంది, బస్సు దిగిన వెంటనే మగ్రిబ్ అజాన్. తర్వాత అరబ్బీ పాఠానికి మౌల్వీ సాబ్ దగ్గర గంట. హోంవర్క్ ఇంకో గంట. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం 6 నుంచి 8 తరగతులకు హోంవర్క్ రోజుకు గంటకు మించకూడదు, 9 నుంచి పైతరగతులకు రెండు గంటలకు మించకూడదు. కానీ పేరున్న స్కూళ్లలో ప్రాజెక్టులు, వీక్లీ టెస్టులు కలిపితే ఆ గంట రెండు గంటలవుతుంది. ఇక ఇషా, అన్నం, నిద్ర. ఆట ఎక్కడా కనపడదు. అమ్మీతో, నానీతో కూర్చుని నాలుగు మాటలు చెప్పుకునే టైమూ కనపడదు.

లెక్క కుదరనప్పుడు ఇళ్లలో సాధారణంగా మొదట తెగేది నిద్ర, రెండోది అరబ్బీ పాఠం. రెంటినీ పోగొట్టుకోకూడదనుకుంటే స్కూల్లో చేర్చకముందే మౌల్వీ సాబ్‌తో మాట్లాడుకోవాలి. వారానికి ఐదు రోజుల పాఠాన్ని శని, ఆదివారాలకు మార్చడం కుదురుతుందా, ఫజ్ర్ తర్వాత అరగంట పెట్టుకోవచ్చా అన్నది తేల్చుకోవాలి. బ్యాగ్ బరువు కూడా తూచి చూడాలి. అదే పాలసీ ప్రకారం అది పిల్లల బరువులో పదో వంతు దాటకూడదు. 35 కిలోల పిల్లవాడికి 3.5 కిలోలే హద్దు.

భాష సంగతి

తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఏ బోర్డు స్కూలైనా పదో తరగతి వరకూ తెలుగు చెప్పాల్సిందే. మంచిదే, ఇక్కడ ఉద్యోగానికైనా వ్యాపారానికైనా తెలుగు చదవడం, రాయడం రావాలి. సమస్య ఉర్దూతో వస్తుంది. ఇంగ్లిష్, తెలుగు పోగా మిగిలిన చోటుకు చాలా స్కూళ్లు హిందీ ఒక్కటే ఇస్తాయి. ఉర్దూ తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి రెండో అధికార భాష. అయినా ప్రైవేటు స్కూల్లో ఉర్దూ టీచర్ ఉంటేనే ఉర్దూ ఉన్నట్టు. 'ఉర్దూ ఆప్షన్ ఉంది' అని బ్రోచర్‌లో ఉంటే సరిపోదు. పోయిన ఏడాది ఏ తరగతి వరకూ ఉర్దూ చెప్పారు, పదిలో ఎంతమంది ఆ పేపర్ రాశారు అని అడగాలి. స్కూల్లో లేదనుకుంటే ఇంట్లో నేర్పే బాధ్యత ఎవరిదో అప్పుడే అనుకోవాలి.

రంజాన్, జుమా, యూనిఫాం, డబ్బా

రంజాన్ నెలలో ప్రభుత్వ ఉర్దూ మీడియం స్కూళ్లకు పనివేళలు తగ్గిస్తారు. ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం స్కూలుకు ఆ వెసులుబాటు ఉండదు. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది: 2027లో ఫిబ్రవరి రెండో వారంలో, 2028లో జనవరి చివర్లో, 2029లో జనవరి మధ్యలో మొదలవుతుంది, చంద్రదర్శనాన్ని బట్టి ఒక రోజు అటూ ఇటూ. ఇవన్నీ ప్రీ-ఫైనల్, బోర్డు పరీక్షల రోజులే. తరావీహ్ చదివి పడుకుని, సహర్‌కు లేచి, 6:40 బస్సెక్కే పిల్లవాడికి ఆ నెలలో స్పోర్ట్స్ పీరియడ్ నుంచి మినహాయింపు ఇస్తారా? పండుగ రోజు టెస్టు పడితే మళ్లీ పెడతారా? ప్రిన్సిపాల్‌ను మర్యాదగా అడిగితే చాలా చోట్ల సూటిగానే చెబుతారు. శుక్రవారం లంచ్ ఎన్ని గంటలకు, పైతరగతుల అబ్బాయిలు జుమాకు వెళ్లే వీలుందా అన్నదీ అప్పుడే తెలుస్తుంది.

ఆడపిల్లల యూనిఫాం విషయంలో నోటిమాట మీద ఆధారపడకూడదు. కర్ణాటకలో 2022లో స్కార్ఫ్ గొడవ హైకోర్టు దాకా వెళ్లింది. అదే ఏడాది అక్టోబర్‌లో సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. అక్కడ నలిగిపోయింది చదువు మధ్యలో ఉన్న అమ్మాయిలే. ఫుల్ స్లీవ్స్, లెగ్గింగ్స్, యూనిఫాం రంగు స్కార్ఫ్ అనుమతిస్తారా అని ఒక ఈమెయిల్ పంపి, జవాబు దాచుకుంటే తర్వాత తగాదా ఉండదు.

స్కూల్లోనే భోజనం పెడితే మెనూ చూడాలి. కొన్ని స్కూళ్లలో శాకాహారమే ఉంటుంది. రిషి వ్యాలీలోనూ అంతే. అలాంటి చోట హలాల్ గురించిన చింత ఉండదు. మాంసం వండే హాస్టళ్లలో మాత్రం ఎక్కడి నుంచి తెస్తారో అడగాలి.

డబ్బు: ఫీజు ఒక్కటే కాదు

ట్యూషన్ ఫీజు పక్కన బస్సు, పుస్తకాలు, యూనిఫాం, టూర్, యాన్యువల్ డే డ్రెస్ రాసుకుని, ఏటా పెరిగే ఫీజు కలిపి ఐదేళ్లకు కూడాలి. ఆ మొత్తాన్ని రెండో సంతానంతోనూ గుణించాలి. పెద్దవాడికి కార్పొరేట్ స్కూలు, చెల్లెలికి వీధి చివరి స్కూలు అన్న తేడా ఇంట్లో ఎప్పటికీ మిగిలిపోతుంది.

వాయిదాల్లో కట్టొచ్చని స్కూలు చెబితే ఆ వాయిదాలు స్కూలుకే కడతారా, మధ్యలో ఫైనాన్స్ కంపెనీ ఉందా చూడాలి. 'జీరో వడ్డీ' అన్న చోట కూడా సంతకం పెట్టేది లోన్ కాగితం మీదే కావొచ్చు. వడ్డీ వద్దనుకునే కుటుంబాలు టర్మ్ వారీగా నేరుగా స్కూలుకే కట్టే ఏర్పాటు అడగాలి. స్కాలర్‌షిప్ మీద ఆశ పెట్టుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: కేంద్రం మైనారిటీ ప్రీ-మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను 2022-23 నుంచి 1-8 తరగతులకు ఆపేసింది.

ఈ లెక్క భారంగా తోస్తే ఇంకో తలుపూ ఉంది. తెలంగాణలో 2016లో మొదలైన మైనారిటీ గురుకులాల్లో చదువు, వసతి, భోజనం ఉచితం. ఆరో తరగతికి నవోదయ పరీక్ష ఉంది. వాటినీ ఒకే వరుసలో పెట్టి చూడాలి.

తొమ్మిదో తరగతికి ముందే

చేర్చాక సరిపడలేదనిపిస్తే మార్చుకోవచ్చు, కానీ ఎప్పుడైనా కాదు. సీబీఎస్‌ఈలో తొమ్మిదిలోనే బోర్డు రిజిస్ట్రేషన్ అయిపోతుంది. నేరుగా పదిలో చేరడం బదిలీ లాంటి కారణాలుంటే తప్ప కుదరదు. అంటే ఎనిమిది పూర్తయ్యేలోపే తేల్చుకోవాలి.

అన్నిటికన్నా మంచి పరీక్ష ఒకటుంది, దానికి ఫీజు లేదు. ఫీజు గడువు ముగిసేలోపు పని రోజుల్లో మూడు రోజులు, ఆ బస్సు టైముకే ఇంటి నుంచి బయల్దేరి స్కూలు గేటు దాకా వెళ్లి రావడం. పిల్లవాడిని కూడా తీసుకెళ్లాలి. అమ్మీ 4:45కి లేచి డబ్బా కట్టగలదా, అబ్బా డ్యూటీ మానకుండా స్టాపుకు రాగలడా, సాయంత్రం ఇంటికొచ్చేసరికి పిల్లవాడి ముఖం ఎలా ఉందో మూడో రోజుకే తెలిసిపోతుంది.

గేటు దగ్గర అడగాల్సినవి:

- బస్సులో మొదట ఎక్కేది, చివర దిగేది ఎవరు? మొత్తం ఎంతసేపు?
- స్టడీ అవర్ తప్పనిసరా? అది ఉన్న రోజు బస్సు ఎన్నింటికి?
- ఉర్దూ ఏ తరగతి వరకూ? టీచర్ పర్మనెంటా?
- రంజాన్, ఈద్, జుమా విషయంలో ఇప్పటిదాకా ఏం చేశారు?
- యూనిఫాం నియమం రాతలో ఉందా?
- మధ్యలో మానేస్తే ఏ ఫీజు తిరిగిస్తారు?

ఇవే ప్రశ్నలు అక్కడ చదివే పిల్లల తల్లులనూ అడగాలి. ఆఫీసులో దొరకని జవాబులు బస్సు స్టాపులో దొరుకుతాయి. అన్నీ సరిపోతే బిస్మిల్లా అని చేర్చేయొచ్చు. సరిపోకపోతే, వచ్చిన సీటు వదులుకున్నామని బాధపడక్కర్లేదు. టెస్టు పాసైన పిల్లవాడి తెలివి ఆ స్కూల్లోనే ఉండిపోదు, వాడితోపాటే దగ్గరి స్కూలుకూ వస్తుంది.