మిలాన్ గుమాస్తా, బెర్గామో రైతు

మీసం కూడా సరిగ్గా మొలవని కుర్రాడొకడు మిలాన్ నగరంలో ఒక పెద్ద కంపెనీ మెట్లెక్కుతున్నాడు. మీరూ వాడి వెనకాలే ఎక్కండి. పేరు దొమెనికో. మేదా అనే చిన్న ఊరి నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చాడు. ఇంట్లో పరిస్థితి అంతంతమాత్రం. తమ్ముడు చదవాలంటే వీడు చదువు మానుకోవాల్సిందే. ఈ కంపెనీలో కొలువు దొరికితే ఇక జన్మంతా ఢోకా లేదని ఇంట్లోవాళ్ళ నమ్మకం.

లోపల మనలాంటి అభ్యర్థులు గుంపుగా ఉన్నారు. తల నెరిసినవాళ్ళు కూడా. ముందు ఒక లెక్క ఇచ్చి గంటలో చెయ్యమంటారు. తర్వాత చొక్కా విప్పించి గుంజీల్లాంటివి తీయిస్తారు. ఆ తర్వాత, కష్టాలు మరిచిపోవడానికి తాగుతావా అని ఎంతో సీరియస్‌గా అడుగుతారు. దొమెనికో తెల్లమొహం వేస్తాడు. మీరైనా అంతే.

విరామంలో ఆంతొనియెత్తా అనే అమ్మాయి పరిచయమైంది. ఆమె కూడా ఉద్యోగానికే వచ్చింది. ఇద్దరూ ఒక కాఫీ బార్‌లోకి దూరారు. జనం మధ్య నిలబడి కాఫీ తాగారు. బాగానే ఉంది. ఇప్పుడీ కప్పు ఎక్కడ పెట్టాలి? వాడు అటూ ఇటూ చూస్తాడు. పక్కవాళ్ళు ఏం చేస్తున్నారో ఆమె కూడా ఓరకంట గమనిస్తోంది. పట్నం కొత్తైన ఇద్దరు పిల్లల చేతుల్లో రెండు ఖాళీ కప్పులు. ప్రేమకథ మొదలవడానికి ఇంతకంటే ఏం కావాలి!

ఈ తికమకను ఇంత దగ్గరగా పట్టుకున్నవాడు తనూ ఆ మెట్లెక్కినవాడే. దర్శకుడు ఎర్మానో ఓల్మీ. సినిమా పేరు ‘ఇల్ పోస్తో’, 1961. ‘ఉద్యోగం’ అనుకోండి. ఆంతొనియెత్తాగా వేసిన లొరెదానా దెత్తో ఆ తర్వాత ఓల్మీ భార్య అయింది.

ఓల్మీ 1931లో బెర్గామోలో పుట్టాడు. నాన్న రైల్వేలో పనిచేసేవాడు, యుద్ధకాలంలో పోయాడు. అమ్మ మిలాన్‌లోని ఎదిసోన్ వోల్తా అనే విద్యుత్ కంపెనీలో ఉద్యోగి. కొడుకూ అక్కడే గుమాస్తాగా చేరాడు. కొంతకాలం నాటక అకాడమీలో నటన నేర్చుకున్నాడు తప్ప సినిమా చదువు చదివింది లేదు. కంపెనీ పనుల్ని చిత్రీకరించే బాధ్యత అప్పగిస్తే 1953 నుంచి ఆనకట్టల మీదా, కరెంటు తీగల మీదా, వాటి దగ్గర పనిచేసే మనుషుల మీదా నలభై దాకా డాక్యుమెంటరీలు తీశాడు. అదే అతని బడి. ఫీజు కట్టకపోగా నెల నెలా జీతం కూడా ఇచ్చిన బడి!

ఆ డాక్యుమెంటరీల్లో ఒకటి చేయిదాటి పెద్ద సినిమా అయి కూర్చుంది. అడమెల్లో కొండల్లో ఆనకట్ట పని శీతాకాలానికి ఆగిపోయింది. చుట్టూ నడుములోతు మంచు. కాపలాకి ఒక పెద్దాయన, తోడుగా వచ్చిన ఒక విద్యార్థి. ఒకే గుడిసె. మొదట ముభావంగా ఉంటారు, మాటకి మాట బరువు. మంచుతుపాను ముంచుకొస్తుంది, కుర్రాడు జబ్బుపడతాడు, పెద్దాయన తనకు తెలిసిన వైద్యం చేస్తాడు. అంతే కథ. 1959లో వచ్చిన ఆ ‘కాలం ఆగిపోయింది’తో గుమాస్తా దర్శకుడయ్యాడు.

ఇంతకీ దొమెనికోకి ఉద్యోగం వచ్చింది. కానీ గుమాస్తాగా ఖాళీ లేదట, ప్రస్తుతానికి నౌకరు. యూనిఫాం తొడిగారు. ఆంతొనియెత్తా వేరే విభాగంలో పడింది, భోజన వేళలు కూడా కలవవు. కంపెనీ వాళ్ళ కొత్త సంవత్సరం పార్టీకి వస్తానందని వాడు వెళ్ళాడు. గుమ్మంలో ఒక కాగితం టోపీ, ఒక సీసా చేతిలో పెట్టారు. హాలు సగం ఖాళీ. ఆమె రాలేదు.

తర్వాత ఒక గుమాస్తా చనిపోతాడు. అతని సొరుగులో సామాను మూటకడతారు. రాత్రిళ్ళు నవల రాసుకునేవాడట. ఖాళీ అయిన బల్ల దొమెనికోకి ఇస్తే వెనక వరసలవాళ్ళకి కడుపు మండుతుంది. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ పడి ఉన్నాం, నిన్నగాక మొన్న వచ్చినవాడికి ముందు బల్లా? అందరూ తలా ఒక వరస ముందుకి జరుగుతారు, వీడు చివరి బల్లకి చేరతాడు. కాపీ యంత్రం టకటకా కొట్టుకుంటూ ఉంటుంది. వాడి కళ్ళు చూడండి. ఇక జన్మంతా ఢోకా లేదు.

ఓల్మీ మాత్రం అదే కొలువు వదిలేసి బయటికొచ్చాడు. విమర్శకుడు తుల్లియో కెజిక్ లాంటి మిత్రులతో కలిసి ‘22 డిసెంబర్’ అనే నిర్మాణ సంస్థ పెట్టాడు. లీనా వెర్ట్‌ముల్లర్ తొలి సినిమా ఆ సంస్థ నుంచే వచ్చింది. సిసిలీకి బదిలీ అయిన కార్మికుడి కథ ‘నిశ్చితార్థం అయినవాళ్ళు’ తీశాడు, అది మంచి సినిమా. 1965లో మాత్రం బెర్గామో జిల్లా రైతుబిడ్డ పోప్ జాన్ 23 కథలోకి హాలీవుడ్ నటుడు రాడ్ స్టైగర్‌ని తెచ్చి దెబ్బతిన్నాడు. పేరున్న మొహం ఆయన చేతికి అచ్చిరాలేదని నా అభిప్రాయం.

ఇప్పుడు ఓల్మీ ఇంకో సినిమాలోకి, ‘చెక్కజోళ్ళ చెట్టు’లోకి పదండి. 1898 ఆ చుట్టుపక్కల. బెర్గామో పల్లెలో ఒక పెద్ద లోగిలి, అందులో నాలుగు కాపు కుటుంబాలు. ఇల్లు, కొట్టం, కొన్ని గొడ్లు, చివరికి చెట్లు కూడా ఆసామివే. పండినదాంట్లో మూడింట రెండు వంతులు ఆయన గాదెకి పోతాయి. మీ ఎదుట ఉన్న మనుషుల్లో ఒక్కరూ నటులు కారు, ఆ చుట్టుపక్కల పల్లెల రైతులే. మాట్లాడేది బెర్గామో యాస. నానమ్మ చెప్పిన కబుర్ల నుంచి పుట్టిన కథ ఇది. రాసిందీ, తీసిందీ, కూర్చిందీ ఓల్మీయే. కెమెరా వెనక ఉన్న కన్నూ ఆయనదే.

తాత అన్సెల్మో మనవరాలిని పక్కన పెట్టుకుని రహస్యం చెబుతున్నాడు, చెవి వొగ్గండి. ఆవుపేడ కన్నా కోళ్ళ పెంటకి వేడి ఎక్కువ. మంచు కాలంలోనే దాన్ని నేలకి పట్టిస్తే టమాటాలు అందరికంటే నెల ముందు పండుతాయి. ఎవరికీ చెప్పకూడదు సుమా! రాత్రిపూట దొంగల్లా వెళ్ళి ఎరువు చల్లుతారు. ఎండలొచ్చాక తాతా మనవరాలూ ఎర్రటి పళ్ళ బుట్టతో పట్నం సంతకి పోతారు. మూడు గంటల సినిమాలో పేదవాడి తెలివి గెలిచిన చోటు ఇది.

రుంక్ అనే ఆవిడ ఇంటికి వెళ్దాం. భర్త పోయాడు, ఆరుగురు పిల్లలు, ఊరి బట్టలుతికి సాకుతోంది. చిన్నవాళ్ళిద్దర్నీ అనాథాశ్రమంలో చేర్పిస్తానని ఫాదర్ అంటే, పెద్దకొడుకు ఒప్పుకోడు; రాత్రింబవళ్ళు పనిచేస్తానంటాడు. ఆవు జబ్బుపడితే పశువైద్యుడు కోసేయమని చెప్పి పోతాడు. ఆమె ఏటి నీళ్ళు పట్టి దేవుణ్ణి వేడుకుని ఆవుకి తాగిస్తుంది. అది లేచి నిలబడుతుంది. ఓల్మీ దీన్ని మహిమ అనడు, కాదనడు. ఆవు లేచింది, అంతే.

ఇక బతిస్తీ. వాళ్ళ చిన్నోడు మీనెక్ తెలివైనవాడని, బడికి పంపమని ఫాదర్ పట్టుబట్టాడు. రోజూ మైళ్ళకి మైళ్ళు నడక. ఒకనాడు చెక్కజోడు విరిగి, ఒక కాలు ఉత్తగానే ఇల్లు చేరాడు. కొనడానికి కాసు లేదు. చీకటి పడ్డాక బతిస్తీ గొడ్డలి తీసుకుని బయటికెళ్ళాడు. కాలువ గట్టున వరసగా చెట్లు. ఒకదాన్ని నరికి, ముక్కని దుప్పటి కింద దాచుకుని వచ్చి, పొయ్యి దగ్గర కూర్చుని కొడుక్కి జోడు చెక్కాడు. కత్తి కింద చెక్క మెల్లగా పాదం ఆకారానికి వస్తుంటే మనకి ఊరట కలుగుతుంది. మోడు చూసిన ఆసామి ఊరుకుంటాడా? ఇంటిల్లిపాదినీ వెళ్ళగొట్టాడు. బండికి సామాను ఎత్తుతున్నారు. ఇరుగుపొరుగు తలుపుల వెనక నిలబడి ప్రార్థన చేస్తున్నారు తప్ప ఎవరూ బయటికి రారు.

1978లో ‘చెక్కజోళ్ళ చెట్టు’ కాన్‌లో పామ్ డి’ఓర్ గెలిచింది. ఇటలీ వామపక్ష విమర్శకులు కొందరు విరుచుకుపడ్డారు: ఈ రైతులు తిరగబడరేం? అంతకు రెండేళ్ళ ముందే దర్శకుడు బెర్తొలూచ్చి సినిమా ‘1900’లో ఎర్రజెండాలు ఎగిరాయి మరి. ఓల్మీ సినిమాలోనూ ఒక సభలో వక్త ఊగిపోతూ మాట్లాడతాడు. వింటున్న ఫినార్ అనే లోగిలి రైతు కళ్ళు నేలమీద మెరిసిన బంగారు నాణెం దగ్గరే ఆగిపోతాయి. దాన్ని తెచ్చి గుర్రం డెక్కలో దాస్తాడు, అది కాస్తా పోతుంది, గుర్రాన్ని బాదబోతే అదే వాణ్ణి తరుముతుంది. విమర్శకులకి ఇంతకన్నా నిజాయితీ అయిన జవాబు నాకు కనిపించలేదు. ఆకలితో ఉన్నవాడి చూపు ముందు ఎక్కడ పడుతుందో ఓల్మీకి తెలుసు.

1982లో బస్సానో దెల్ గ్రాపాలో, పాఠాలు కాక పనే నేర్పే ‘ఇపోతెసి చినెమా’ అనే సినిమా బడిని మొదలుపెట్టాడు. ఆ తర్వాత నరాల జబ్బు ఆయన్ని కొన్నేళ్ళపాటు మంచాన పడేసింది. లేచి, 1988లో ‘పవిత్ర తాగుబోతు’తో వెనిస్‌లో గోల్డెన్ లయన్ తెచ్చుకున్నాడు. అందులో ఉన్నది రట్గర్ హావర్. పేరున్న మొహం ఈసారి అచ్చొచ్చింది. కాపురం రోముకి మార్చలేదు, అసియాగో కొండల్లోనే ఉన్నాడు. ఎనభై దాటాక ఆ కొండల మంచులోనే మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల సినిమా తీసి, ఆ యుద్ధం కబుర్లు చెప్పిన నాన్నకి అంకితమిచ్చాడు. 2018 మేలో అక్కడే కన్నుమూశాడు.

కొత్తగా చూసేవాళ్ళు ‘ఇల్ పోస్తో’తో మొదలుపెట్టండి, గంటన్నరే. ‘చెక్కజోళ్ళ చెట్టు’కి ఒక ఆదివారం మధ్యాహ్నం కేటాయించాలి. ఇటాలియన్‌లోకి డబ్ చేసిన ప్రతి కూడా దొరుకుతుంది. అది వద్దు, బెర్గామో మాట వినిపించే ప్రతినే వెతకండి.